గోడ దాటే ముచ్చట్లు

చెల్లీ, తాతయ్యగారి రోజుల్లో ఇంట్లో రేడియో పెట్టుకోవాలంటే పోస్టాఫీసుకెళ్లి లైసెన్సు డబ్బు కట్టాల్సి వచ్చేది. 1980ల్లో గానీ ఆ లైసెన్సు ఎత్తెయ్యలేదు. పాపం ఆ పెట్టె వినడమే తప్ప తిరిగి ఒక్క ముక్క పలికి ఎరగదు, దానికే అంత తతంగం! ఇప్పుడు నీ కొత్త ఫ్లాట్‌లో ఎన్ని రేడియోలున్నాయో లెక్కపెట్టి చూడు. ఒక్కటీ లేదంటావని తెలుసు. నీ ఫోనులోనే నాలుగున్నాయి: టవర్‌తో మాట్లాడేదొకటి, వైఫైదొకటి, బ్లూటూత్‌దొకటి, కార్డు మిషను దగ్గర పెట్టి డబ్బు కట్టేదొకటి. మరిదిగారి ఫోను, ల్యాప్‌టాప్, తీగ లేని మౌసు, టీవీ, టీవీ కింద స్పీకరు, పిల్లాడి ట్యాబ్, వాడి రిమోట్ కారు, చేతి గడియారం, చెవుల్లో పెట్టుకునే ఇయర్‌బడ్స్ (కుడిదొకటి, ఎడమదొకటి), గుమ్మం మీద కెమెరా, హాల్లో మాట వినే స్పీకరు, గృహప్రవేశానికి ఎవరో ఇచ్చిన రంగులు మారే బల్బు. పాతిక దాటతాయి. పైగా ఇవన్నీ వింటాయి, మాట్లాడతాయి కూడా. ఒక్కదానికీ లైసెన్సు లేదు.

ఇవాళ ఈ ముచ్చట ఎందుకు ఎత్తానంటే, మొన్న ఫోన్లో నువ్వు ఆ నెట్ కంపెనీ వాళ్లని అరగంట తిట్టావు గదా. తిట్టడానికి నాకేం అభ్యంతరం లేదు, వాళ్లూ అలవాటు పడే ఉంటారు. కానీ నువ్వు చెప్పిన లక్షణాలు వింటుంటే తప్పు వాళ్లది కాదేమో అనిపించింది. కంపెనీ తీగ నీ హాల్లో గోడదాకా వచ్చి ఆగిపోతుంది. అక్కణ్నుంచి నీ మంచం దాకా ఉన్న ముప్ఫై అడుగులూ నీవే. ఆ ముప్ఫై అడుగుల సంగతి ఇంట్లో ఎవరికీ పట్టదు. మగవాళ్లు "ప్లాన్ మార్చుదాం" అంటారు, పిల్లలు "కొత్త ఫోను కొను" అంటారు. ఆ గదులూ గోడలూ బీరువాలూ ఎక్కడేమున్నాయో నీకంటే బాగా ఎవరికి తెలుసు? అందుకే నీకు చెబుతున్నాను.

ముందొక సంగతి తేల్చుకో. వైఫై వేరు, ఇంటర్నెట్ వేరు. మనమంతా రెంటినీ కలిపి "నెట్" అనేస్తాం. నీ ఫోనుకీ ఆ రూటర్ పెట్టెకీ మధ్య గాల్లో నడిచేది వైఫై. పెట్టెకి ఆవల ఫైబర్ తీగలో నడిచేది ఇంటర్నెట్. ఫోను మీద గీతలు నిండుగా ఉండి, పక్కన ఆశ్చర్యార్థకం గుర్తొచ్చి, ఏదీ తెరుచుకోకపోతే జబ్బు బయట ఉన్నట్టు. పెట్టె మీద ఎల్‌ఓఎస్ అని రాసిన చోట ఎర్ర దీపం వెలుగుతుంటే ఇక అనుమానమే లేదు, తీగలోంచి వెలుతురు రావట్లేదు. ఎక్కడో తెగింది, లేకపోతే ఉడత కొరికింది. అప్పుడు కంపెనీకి ఫోన్ చెయ్యి, గట్టిగానే చెయ్యి. అలా కాకుండా పెట్టె ముందు నిలబడితే వీడియో గడగడా వచ్చి, పడగ్గదిలో తిరుగుతూ తిరుగుతూ ఉండిపోతే అది ఇంట్లో జబ్బే. వంద ఎంబీపీఎస్ ప్లాన్ తీసేసి మూడొందలది వేసినా పడగ్గదిలో ఒరిగేదేం లేదు. డబ్బు మాత్రం నెలనెలా పోతుంది.

ఇప్పుడు అసలు ముచ్చటకొస్తాను. నీ ఇంట్లో ఉన్న ఆ పాతిక రేడియోల్లో చాలా భాగం ఒకే ఇరుకు సందులో తిరుగుతుంటాయి. దాన్ని 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ అంటారు. వైఫై, బ్లూటూత్, తీగ లేని మౌసు, పిల్లల రిమోట్ బొమ్మలు, స్మార్ట్ బల్బులు అన్నీ అక్కడే. ఎందుకంటావా? ఆ సందు ఊరికే దొరికింది గనక. రేడియో తరంగాల్లో మంచి మంచి భాగాలన్నీ ప్రసారాలకీ, విమానాలకీ, సైన్యానికీ, సెల్ కంపెనీలకీ పంచేశారు. ఈ ముక్కని పరిశ్రమలకీ ప్రయోగశాలలకీ ఆస్పత్రులకీ వదిలేశారు. వేడి చేసే యంత్రాలు రొద పెట్టే చోటు గనక మాటలకి పనికిరాదని తీసిపారేశారన్నమాట. 1985లో అమెరికా ప్రభుత్వం, ఈ రొదలోనే లైసెన్సు లేకుండా మాట్లాడుకునే ఉపాయం ఎవరికైనా తడితే వాడుకోండి అని తలుపు తీసింది. 1997కి మొదటి వైఫై ప్రమాణం వచ్చింది, సెకనుకి రెండు మెగాబిట్లు. మన దేశంలో ఈ బ్యాండ్‌కి లైసెన్సు అక్కర్లేదని 2005 జనవరిలో ప్రకటించారు. ఎవరికీ వద్దన్న పెరట్లో ఇప్పుడు లోకమంతా కాపురం ఉంటోంది.

వేడి చేసే యంత్రాలన్నాను గదా, అందులో ఒకటి నీ వంటింట్లోనే ఉంది. మైక్రోవేవ్ ఓవెన్ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. మీ బావగారు వంటింటి గట్టు మీద బ్లూటూత్ స్పీకరు పెట్టుకుని క్రికెట్ వింటూంటారు. నేను సాంబారు వేడికి పెట్టానో లేదో కామెంటరీ ముక్కలు ముక్కలవుతుంది. "కావాలనే పెడతావు" అంటారు. ఓవెన్ లోపల ఏడెనిమిది వందల వాట్లు నడుస్తుంటాయి. తలుపుకున్న జల్లెడలాంటి ఇనప వల వాటిని దాదాపుగా లోపలే ఆపేస్తుంది. దాటి వచ్చే రవ్వంత మనకి హాని చేసేటంత కాదు. కానీ స్పీకరుకి అందేది అంతకంటే రవ్వంత. అందుకే తడబడుతుంది. స్పీకరు రెండు బారలు అవతల పెడితే సరిపోతుందని ఎన్నిసార్లు చెప్పినా వినరనుకో, అది వేరే కథ.

రూటర్ ఎక్కడ పెట్టావో చెప్పమంటే నువ్వేమన్నావు? "టీవీ షోకేసు కింది అరలో, తలుపేసి, వైర్లు కనపడకుండా." చూడటానికి బాగుంటుంది, నిజమే. అయితే ఆ పెట్టెకి యాంటెన్నాలు ఎలా పనిచేస్తాయో చూడు. నిలబెట్టిన యాంటెన్నా చుట్టూ తరంగం గారె ఆకారంలో పరుచుకుంటుంది. గారె చిల్లులో యాంటెన్నా నిలబడి ఉందనుకో. పక్కలకి దట్టంగా, నెత్తి మీదకీ కాళ్ల కిందకీ పల్చగా. అందుకే కింది అంతస్తులో రూటర్ పెట్టి సరిగ్గా దాని నెత్తిన ఉన్న మేడ గదిలో రాట్లేదంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. రెండు యాంటెన్నాలుంటే ఒకటి నిలబెట్టి ఇంకోటి పడుకోబెట్టు, పైగదికి కొంత అందుతుంది. ఒకే అంతస్తు ఫ్లాట్‌లో అయితే రెండూ నిలువుగానే ఉంచు. పెట్టె నేల మీద ఉంటే సగం గారె నేలపాలు. మనిషి తల ఎత్తుకి పైన, వీలైనంత ఇంటి నడుమ ఉండాలి. నెట్ అబ్బాయి తన తీగ ఎక్కడ తేలిగ్గా లోపలికొస్తే అక్కడ మేకు కొట్టి వెళ్లిపోతాడు. ఎక్కువగా వీధి గుమ్మం పక్కనే. సగం సిగ్నలు మెట్ల మీద తిరిగే వాళ్లకి పోతుంది. కొత్తగా తీగ వేయించేటప్పుడే "బాబూ, ఇంకో పది మీటర్లు లోపలికి లాగు" అని అడగాలి. మహా అయితే ఓ వందో రెండొందలో అడుగుతాడు.

ఇక అడ్డాలు. వైఫైకి ముఖ్యంగా రెండు దార్లున్నాయి, 2.4 ఒకటి, 5 గిగాహెర్ట్జ్ రెండోది. 2.4 తరంగం పొడవు పన్నెండు సెంటీమీటర్ల పైచిలుకు, 5ది ఆరు సెంటీమీటర్లు. పొడుగుది నిదానమైనా గోడలు దాటుతుంది. పొట్టిది వేగం ఎక్కువ, గోడ అడ్డం వస్తే నీరసపడిపోతుంది. చెక్క తలుపు, ప్లైవుడ్ పెద్ద లెక్కలోకి రావు. ఇటుక గోడ కొంత తింటుంది. ఇనప చువ్వలున్న శ్లాబు, పిల్లర్లు ఇంకా ఎక్కువ తింటాయి. ఇనప బీరువా మాత్రం పూర్తిగా అడ్డుగోడే, తరంగం తగిలి వెనక్కి వచ్చేస్తుంది. నిలువుటద్దం వెనక పూత కూడా లోహమే. నీళ్లూ మింగేస్తాయి, చేపల తొట్టి వెనక రూటర్ పెట్టకూడదనేది అందుకే. మన పడగ్గదుల్లో ఏముంటుంది? అద్దమున్న బీరువా. అది హాలువైపు గోడకే ఆనించి ఉంటుంది. మంచం దాని చాటున. ఇంకేం రావాలి సిగ్నలు! వాస్తు చూసి పెట్టిన బీరువా జరపమని నేననను. రూటర్‌కి వాస్తు లేదు గదా, దాన్ని జరుపు.

గోడ దాటడమంటే గుర్తొచ్చింది. ఈ చిన్న తరంగాలు గోడలు దాటతాయని ప్రపంచానికి మొదట చూపించినవాళ్లలో మన జగదీశ్ చంద్ర బోస్ ఒకరు. 1895లో కలకత్తాలో, జనం చూస్తుండగా, తరంగాలని గోడల అవతలికి పంపి అక్కడ గంట మోగించారు, తుపాకి మందు పేల్చారు. ఆయన వాడినవి ఇవాళ్టి వైఫై కంటే ఇంకా పొట్టి తరంగాలు, మిల్లీమీటర్లలో. పరికరాలు కొనడానికి బజార్లో దొరికితే గదా! రైల్వే టైమ్ టేబుల్ పుస్తకం పేజీల మధ్య తగరపు రేకులు పెట్టి, తరంగాల్ని వడకట్టే సాధనం చేసుకున్నారు. మెలిపెట్టిన జనపనార కట్టలతో కూడా ప్రయోగం చేశారు. స్కూల్లో మనకి ఆయన మొక్కల సంగతే చెప్పారు, ఈ రైల్వే పుస్తకం సంగతి ఎవరూ చెప్పలేదు. నాకైతే ఇదే ఎక్కువ నచ్చింది.

ఇంకోటి గమనించే ఉంటావు. ఫోను ఇక్కడ పెడితే వీడియో రాదు, నాలుగు వేళ్లు పక్కకి జరిపితే వస్తుంది. మన భ్రమ కాదది. రూటర్ నుంచి బయల్దేరిన తరంగం తిన్నగా ఒకటే దారిన రాదు. ఫ్యానుకి తగిలి, గ్రిల్లుకి తగిలి, ఫ్రిజ్జుకి తగిలి పది దారుల్లో వస్తుంది. ఆ పదీ ఒక చోట కలిసి బలపడతాయి, కాస్త పక్కన ఒకదాన్నొకటి చంపుకుంటాయి. పన్నెండు సెంటీమీటర్ల తరంగానికి బలమైన చోటుకీ బలహీనమైన చోటుకీ దూరం నాలుగు వేళ్ల వెడల్పు లోపే. ఈ మారుమోత వల్లే ఇళ్లలో వేగంగా పంపడం చాలాకాలం కుదర్లేదు. దీన్ని లొంగదీసిన వాళ్లలో ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధనా సంస్థ సిఎస్ఐఆర్ఓ వాళ్లున్నారు. జాన్ ఓ సలివన్ అనే ఆయనా, ఆయన జట్టూ. ఆయన అంతకుముందు చేసిన పని ఆకాశంలో కృష్ణబిలాలు పేలిన చప్పుడు వెతకడం. అది దొరకలేదు గానీ, చెదిరిపోయిన సంకేతాన్ని తిరిగి పోగుచేసే లెక్క చేతికొచ్చింది. 1996లో అమెరికాలో పేటెంట్ వచ్చింది. ఒకే ధారగా హడావిడిగా పంపకుండా సమాచారాన్ని చాలా సన్నని పాయలుగా చీల్చి, ఒక్కో పాయనీ నిదానంగా పంపడం కిటుకు. నిదానంగా వెళ్లేదాన్ని మారుమోత పాడుచెయ్యలేదు.

సాయంత్రం ఏడింటికి అందరూ ఇల్లు చేరాక నెట్ నెమ్మదించడానికి కారణం వేరే. ఒక చానల్‌లో ఒక క్షణాన ఒక్కరే మాట్లాడాలి. అది వైఫై నియమం. ప్రతి పరికరమూ ముందు గాలి ఖాళీగా ఉందా అని వింటుంది, ఉంటే పంపుతుంది, లేకపోతే తోచినన్ని మైక్రోసెకన్లు ఆగి మళ్లీ చూస్తుంది. ఈ "తోచినంత సేపు ఆగడం" అనే తెలివి 1971లో హవాయి దీవుల్లో పుట్టింది. అక్కడి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ జట్టు దీవుల మధ్య కంప్యూటర్లని రేడియోతో కలిపి అలోహానెట్ అని పేరు పెట్టారు. ఇద్దరూ ఒకేసారి పంపి గుద్దుకున్నాక ఒకే లెక్కన ఆగితే మళ్లీ గుద్దుకుంటారు గదా. అందుకని ఎవరికి తోచినంత సేపు వాళ్లు ఆగాలి. పంపే ముందు ఒకసారి వినాలన్న మర్యాద తర్వాత చేరింది.

దీంట్లో మనకి పనికొచ్చే మెలిక ఒకటుంది. దూరాన, నీరసమైన సిగ్నలుతో ఉన్న పరికరం నెమ్మదిగా మాట్లాడుతుంది. అదే సమాచారం పంపడానికి ఎక్కువసేపు గాలిని పట్టుకుని కూచుంటుంది. ఆ సేపూ మిగతా వాళ్లంతా ఆగాల్సిందే. బాల్కనీ చివర పడక్కుర్చీలో కూచుని మీ మామగారు యూట్యూబ్‌లో ప్రవచనం చూస్తుంటే హాల్లో పిల్లాడి ఆన్‌లైన్ క్లాసు ఎందుకు ఆగిందో ఇప్పుడర్థమైందా? పాపం ఆయన్నేమీ అనకు. టీవీని మాత్రం రూటర్‌కి లాన్ తీగతో కలిపెయ్యి, ఎలాగూ రెండూ హాల్లోనే ఉంటాయి. కదలని వస్తువుకి గాలి దారి దండగ. సినిమా గాలి దారిన రావడం మానేస్తే మిగతా అందరికీ చోటు దొరుకుతుంది.

అపార్ట్‌మెంట్ అన్నాక ఇరుగుపొరుగు రూటర్లు కూడా ఉంటాయి. నీ ఫోన్లో వైఫై జాబితా తెరిస్తే పదిహేను పేర్లు కనపడతాయి. 2.4లో ఒకదానికొకటి తగలకుండా ఉండే చానళ్లు మూడే: ఒకటి, ఆరు, పదకొండు. పదిహేనుమంది మూడింట్లో సర్దుకోవాలి. ఫోన్లో వైఫై అనలైజర్ యాప్ వేసుకుంటే ఏ చానల్ మీద రద్దీ తక్కువో బొమ్మ గీసి చూపిస్తుంది. అంతకంటే తేలిక పని, ఫోన్లూ ల్యాప్‌టాపులూ 5 గిగాహెర్ట్జ్‌కి మార్చెయ్యడం. గోడలు దాటదని ఇందాక తిట్టాను గానీ అపార్ట్‌మెంట్‌లో అదే దాని మంచి గుణం. పక్కింటి వాళ్లది కూడా నీ గోడ దాటి రాలేదు.

స్మార్ట్ బల్బులు, ప్లగ్గులు మాత్రం ఎక్కువగా 2.4 ఒక్కటే ఎరుగుదుము అంటాయి. ఆ రంగుల బల్బు ఫోనుకి కనపడట్లేదని విసిగి అటక మీద పడేశానన్నావు, దానికేం రోగం లేదు. ఫోను 5 మీద ఉండి ఉంటుంది. ఒకసారి ఫోన్ని 2.4కి మార్చి మళ్లీ కలిపి చూడు. వైఫైకి బదులు జిగ్బీ, థ్రెడ్ అనే పొదుపు భాషలు మాట్లాడే బల్బులూ తలుపు సెన్సర్లూ కూడా వస్తున్నాయి. ఆ సెన్సర్లు చిన్న బిళ్ల బ్యాటరీతో నెలలకి నెలలు నడుస్తాయి, ఒకదాని కబురు ఇంకోటి అందుకుని ముందుకు చేరవేస్తుంది. ఒక కంపెనీ వస్తువు ఇంకో కంపెనీదాంతో మాట్లాడదన్న గోల తగ్గించడానికి 2022లో మ్యాటర్ అనే ఉమ్మడి ప్రమాణం తెచ్చారు. కొనేటప్పుడు డబ్బా మీద ఆ మాట ఉందేమో చూడు. గీజరుకీ వంటింటి దీపానికీ మాత్రం మామూలు స్విచ్చే ఉంచు. పెద్దవాళ్లున్న ఇంట్లో చీకట్లో ఫోను వెతుక్కుని లైటు వేసుకోమనడం నాకు నచ్చదు. రూటర్‌ని ఇన్వర్టరు లైనుకి కలిపించడం మర్చిపోకు, కరెంటు పోయినా ఇల్లు మూగబోదు.

బ్లూటూత్ గురించి రెండు మాటలు. స్వీడన్‌లో ఎరిక్సన్ కంపెనీలో యాప్ హార్ట్‌సెన్ అనే డచ్చి ఇంజనీరు 1994లో మొదలుపెట్టాడు. ఆ ఇరుకు సందులోనే దీని నడక వేరు. ఒక చోట నిలబడదు. 79 చిన్న చానళ్ల మీద సెకనుకి 1600 సార్లు గెంతుతుంది. ఎటు గెంతాలో జతకట్టిన రెంటికే తెలుసు. వైఫై ఆక్రమించిన చోట్లు కనిపెట్టి వాటిని వదిలేసి గెంతడం కూడా తర్వాత నేర్చుకుంది. ఈ గెంతే ఉపాయానికి 1942లో పేటెంట్ తీసుకున్న ఇద్దరిలో ఒకరు హాలీవుడ్ నటి హెడీ లమార్, వియన్నాలో పుట్టిన అందగత్తె. రెండోవారు సంగీతకారుడు జార్జ్ ఆంథైల్. శత్రువు చెడగొట్టకుండా టార్పెడోని రేడియోతో నడపాలని, పియానోకి ఉన్న మీటల లెక్కన 88 చోట్ల గెంతేలా ఆలోచించారు. వాట్సాప్‌లో "వైఫై కనిపెట్టిన నటి" అని తిప్పుతుంటారు, అది అతిశయోక్తి. ఇలాంటి ఆలోచనలు అంతకుముందూ ఉన్నాయి, బ్లూటూత్ ఆమె పేటెంట్ చూసి చేసిందీ కాదు. అయినా యుద్ధకాలంలో, షూటింగుల మధ్య, ఇంత బుర్ర పెట్టిన మనిషిని ఆమె అందం ఒక్కటే చూసి గుర్తుపెట్టుకున్నారే అని నాకు ఒళ్లు మండుతుంది. అమెరికా వాళ్లు ఆమెని ఆవిష్కర్తల గౌరవ జాబితాలో చేర్చింది 2014లో, ఆమె పోయిన చాలా ఏళ్లకి.

ఇయర్‌బడ్స్‌లో పాట తెగుతుంటే ఫోను ఏ జేబులో ఉందో చూసుకో. మన ఒంట్లో సగానికి పైగా నీళ్లే, నడుము వెనక ఉన్న ఫోను సిగ్నలు ఒళ్లు దాటి రావడం కష్టం. ఫోను హ్యాండ్‌బ్యాగులో వేసి భుజానికి తగిలించుకుంటే హాయిగా వినపడుతుంది. ఇయర్‌బడ్స్ పెట్టుకోగానే అవి పోయి మరిదిగారి ల్యాప్‌టాప్‌తో జత కడుతున్నాయంటే వాటి జ్ఞాపకంలో అది ఇంకా ఉందన్నమాట. ల్యాప్‌టాప్‌లోకి వెళ్లి "ఫర్గెట్" నొక్కించు.

టీవీ రిమోట్ సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. పాతరకం రిమోట్ రేడియో కాదు, కంటికి కనపడని పరారుణ వెలుతురు. అందుకే సెట్‌టాప్ బాక్సుకి ఎదురుగా చూపించాలి. పనిచేస్తోందో లేదో తెలియకపోతే దాని ముక్కుని ఫోను సెల్ఫీ కెమెరా ముందు పెట్టి బటన్ నొక్కు. తెరమీద చుక్క మిణుకుమంటే రిమోట్ మంచిదే, లేకపోతే బ్యాటరీలు మార్చు. మాట చెబితే వినే కొత్త రిమోట్లు ఎక్కువగా బ్లూటూత్‌వి, దుప్పట్లోంచి నొక్కినా పలుకుతాయి. మెట్రో కార్డు, ఫోను తాకించి డబ్బు కట్టడం వేరే రకం. అది 13.56 మెగాహెర్ట్జ్, మామూలుగా కొద్ది సెంటీమీటర్లు దాటి వినపడదు. వినపడకపోవడం దాని భద్రతలో ఒక భాగం.

భద్రత అంటే, చెల్లీ, ఇది మాత్రం కాస్త మనసుపెట్టి విను. మీ ఇంటి వైఫై పాస్‌వర్డ్ పనమ్మాయి కొడుక్కి తెలుసు, కింద వాచ్‌మెన్‌కి తెలుసు, పోయిన సంక్రాంతికి వచ్చిన చుట్టాలందరికీ తెలుసు. ఇవ్వొద్దనను. ఇంటికొచ్చిన వాళ్లకి మంచినీళ్ల తర్వాత అదే అడుగుతున్నారు ఇప్పుడు. కాకపోతే రూటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ అని ఉంటుంది. దానికి వేరే పేరు, వేరే పాస్‌వర్డ్ పెట్టి అది చెప్పు. ఆ బల్బుల్నీ చవక కెమెరాల్నీ కూడా అందులోనే పడెయ్యొచ్చు, మీ ఫోన్ల జోలికి రాకుండా ఉంటాయి. రూటర్‌కి రెండు తాళాలుంటాయి. వైఫై పాస్‌వర్డ్ ఒకటి, లోపలి సెట్టింగులు మార్చే అడ్మిన్ పాస్‌వర్డ్ రెండోది. మొదటిది అందరూ మారుస్తారు, రెండోది చాలా ఇళ్లలో అడ్మిన్, అడ్మిన్ అని కంపెనీ పెట్టినట్టే ఉండిపోతుంది. అది మార్చు. సెక్యూరిటీ అన్న చోట డబ్ల్యూపీఏ2 లేదా 3 ఉందో లేదో చూడు.

కెమెరా యాప్ ఎవరి ఫోన్లో ఉంది? స్పీకరు ఎవరి పేరున రిజిస్టరైంది? ఇల్లు కొన్నప్పుడు కాగితాలు ఎవరి పేరున అని అడిగినట్టే ఇదీ అడగాలి. అనుమానంతో అడగమనట్లేదు. ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి, ఇద్దరికీ తీసెయ్యడం తెలిసుండాలి. పడగ్గదిలో కెమెరా అసలొద్దు. పసిబిడ్డ ఉయ్యాల కోసం పెట్టాల్సొచ్చినా పని అయిపోగానే ప్లగ్గు పీకెయ్యి. ఇంకోటి, తాళంచెవులకి తగిలించుకునే బ్లూటూత్ బిళ్లలు వస్తున్నాయి చూడు, పోతే వెతకడానికి. చుట్టుపక్కల ఉన్న వాళ్ల ఫోన్లు వాటి కూత విని ఎక్కడుందో యజమానికి చెబుతాయి. మంచి ఉపాయమే. అయితే ఎవరైనా ఆడపిల్ల బ్యాగులోనో స్కూటీ సీటు కిందో దాన్ని పడేసి వెంటాడొచ్చు కూడా. 2024 నుంచి ఐఫోన్లూ ఆండ్రాయిడ్ ఫోన్లూ రెండూ, నీది కాని బిళ్ల నీతోపాటే తిరుగుతుంటే హెచ్చరిక పంపేలా ఒకే ఏర్పాటు చేశారు. అలాంటి మెసేజ్ వస్తే ఏదో ప్రకటన అనుకుని తోసెయ్యొద్దని హాస్టల్లో ఉన్న మన పాపకి కూడా చెప్పు. హెచ్చరిక నొక్కితే దాన్ని కూత పెట్టించి వెతకొచ్చు. దొరికితే పారెయ్యకుండా పోలీసులకి చూపించాలి.

నువ్వు అడగలేదు గానీ మీ అత్తగారు అడిగి ఉంటారు, కడుపుతో ఉన్నవాళ్లున్న ఇంట్లో ఈ పెట్టె మంచిదేనా అని. రూటర్ వదిలేది వాటులో పదో వంతు అటూ ఇటూ. ఎక్స్‌రేలాగా అణువుల్ని చీల్చే రకం తరంగం కాదిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధనా విభాగం 2011లో రేడియో తరంగాలన్నింటినీ "క్యాన్సర్‌కి కారణం కావచ్చేమో" అనే 2బి జాబితాలో పెట్టిన మాట నిజమే, అది ముఖ్యంగా చెవికి ఆనించుకునే ఫోన్ల మీద జరిగిన అధ్యయనాలు చూసి. అదే జాబితాలో తూర్పు ఆసియా వాళ్లు ఊరబెట్టుకునే కూరగాయలు కూడా ఉన్నాయి, మన ఆవకాయ కాదులే. దూరం పెరిగేకొద్దీ తరంగం చాలా త్వరగా పల్చబడుతుంది. పెట్టె మంచం తలవైపు కాకుండా హాల్లో ఉంటే ఆవిడ మనసూ కుదుటపడుతుంది, సిగ్నలూ బాగుంటుంది. రాత్రి ఆపెయ్యమంటే ఆపెయ్యి, గుమ్మం కెమెరా కూడా ఆగిపోతుందని మాత్రం చెప్పి ఆపు.

నాన్నగారింటి సంగతి మనమిద్దరం చూడాలి. కింద రూటర్, మేడ మీద నాన్నగారి గది, నడుమ శ్లాబు. అన్నయ్య బజార్లో రిపీటర్ కొనుక్కొస్తానంటున్నాడు, ఆగమన్నాను. రిపీటర్ విన్నదాన్నే మళ్లీ అదే గాల్లో చెబుతుంది, మామూలు రకమైతే వేగం సగానికి పడిపోతుంది. దానికంటే మెట్లపక్క గోడ వెంట పైకి ఒక లాన్ తీగ లాగించి, పైన ఇంకో రూటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా పెడితే నిక్షేపంగా ఉంటుంది. ఫ్లాట్ మారినప్పుడు మీ పాత రూటర్ తీసేశారు గదా, దసరాకి వచ్చేటప్పుడు దాన్నీ దాని అడాప్టర్నీ పట్టుకురా. అడాప్టర్ మర్చిపోయావంటే ఇక్కడ దొరకదు. కేట్ సిక్స్ రకం లాన్ తీగ ఇరవై మీటర్లు నేను కొనుంచుతాను. ఎలక్ట్రీషియన్‌కి కూడా చెప్పాను, పండక్కి ముందు రోజు వస్తానన్నాడు.